కాకినాడలో మా బాబుకి వైద్యం: ఆ పిల్లల వార్డు గురించి

మాది రాజోలు దగ్గర పల్లె, రొయ్యల చెరువులు చేస్తాను. మా మూడేళ్ళ బాబుకి గ్లైకోజెన్ స్టోరేజ్ డిసీజ్ టైప్ 1 అని కాకినాడలోని ఒక ప్రైవేటు పిల్లల ఆసుపత్రిలో తేలింది. ఒక ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. ఇలాంటి జబ్బుతో ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఏం అడగాలో తెలుస్తుందని ఇది రాస్తున్నాను.

ఈ జబ్బులో లివర్ చక్కెరను దాచుకుంటుంది గానీ, ఆకలి వేళకి తిరిగి రక్తంలోకి వదల్లేదు. పొట్ట ఉబ్బి, బుగ్గలు నిండుగా ఉంటే బొద్దుగా ఉన్నాడని ఊళ్ళో అందరూ ముచ్చటపడేవారు. తెల్లవారుజామున మాత్రం చెమటలు పట్టి మత్తుగా పడి ఉండేవాడు. దీనికి వైద్యమంటే ముఖ్యంగా పచ్చి కార్న్‌ఫ్లోర్. గ్రాముల్లో తూచి, చల్లటి నీళ్ళలో కలిపి, కొన్ని గంటలకొకసారి తాగించాలి, అర్ధరాత్రి కూడా. అది నెమ్మదిగా అరుగుతూ గ్లూకోజు అందిస్తుంది. అంటే వైద్యం చేయాల్సింది ఇంట్లోవాళ్ళే. ఆ వార్డులో అందరికీ ఈ సంగతి తెలుసు, అదే నాకు బాగా నచ్చింది.

డైటీషియన్ గారు చార్టు చేతిలో పెట్టి పంపేయలేదు. వంట చేసేదెవరని అడిగి మా అమ్మను కూర్చోబెట్టారు. పంచదార, పాలు, పళ్ళు తగ్గించాలని చెప్పి, "మామ్మగారూ, మీ పులుసులో బెల్లం వేస్తారా?" అన్నారు. "ఆయ్, వెయ్యకపోతే పులుసెలా అవుద్దండీ!" అంది అమ్మ. చార్టులో "స్వీట్లు వద్దు" అని మాత్రమే ఉండి ఉంటే ఆ బెల్లం రోజూ వాడి కడుపులోకి వెళ్ళేది. నీరసంగా ఉంటే కొబ్బరినీళ్ళు పట్టడం మా వైపు అలవాటు. అందులోనూ చక్కెర ఉంటుందని, జ్వరం సిరప్పుల్లో కూడా ఉండొచ్చని, సీసా మీద చూసి కొనమని చెప్పారు. జావ కాచి పడతానని అమ్మ అంటే, ఉడికిస్తే పిండి త్వరగా అరిగిపోయి మళ్ళీ షుగర్ పడిపోతుందని ఓపిగ్గా వివరించారు. ఇప్పుడు ఇంట్లో అందరికంటే గట్టిగా కాపలా కాసేది అమ్మే.

రౌండ్స్‌లో డాక్టర్ గారు మా ముందే మాట్లాడేవారు, రాత్రి షుగర్ ఎంత వచ్చిందో ముందు మమ్మల్నే అడిగేవారు. డిశ్చార్జికి ముందు రాత్రుళ్ళు సిస్టర్ పక్కన నిలబడి తూకం, కలపడం, వేలికి గుచ్చి షుగర్ చూడడం అన్నీ నాతోనే చేయించింది. చెరువు గట్టున రాత్రి లేచి ఏరేటర్లు చూసే అలవాటున్నవాణ్ణి, నిద్ర లేవడం కష్టం కాదు. వాడి వేలు గుచ్చడమే కష్టం.

ఇక ఫిర్యాదు. "మేనరికమా?" అని ఒక జూనియర్ డాక్టర్ వార్డు మధ్యలో గట్టిగా అడిగారు. నా భార్య మా మేనమామ కూతురే. పక్క మంచాలవాళ్ళంతా తిరిగి చూశారు, ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు. తర్వాత తనే పట్టుబట్టి విడిగా మాట్లాడాలని అడిగింది. అప్పుడు జెనెటిక్స్ డాక్టర్ గారు గదిలో కూర్చోబెట్టి, లోపమున్న జన్యువు ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు వస్తుందని, ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశమని, ఎవరి తప్పూ కాదని చెప్పారు. మా అమ్మ కూడా వింది. ఆ మాట ముందే, ఆ గదిలోనే మొదలుపెట్టి ఉండాల్సింది.

రాత్రి ఒక్కరికే పాస్ ఇస్తారు. ఇద్దరూ నేర్చుకోవాలని అడిగితే రెండోది ఇచ్చారు, అడగకపోతే ఎవరూ చెప్పరు. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానంలో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి గుర్తింపు పొందిన ఒక కేంద్రం, అక్కడికి ఉత్తరం కూడా వీళ్ళే రాసిచ్చారు.

అయిదుకి నాలుగు ఇస్తున్నాను. వెళ్ళేవాళ్ళు ఎమర్జెన్సీ లెటర్ తప్పకుండా అడిగి తీసుకోండి. వాంతులై పిండి నిలవకపోతే ఆలస్యం లేకుండా గ్లూకోజు ఎక్కించాలని అందులో ఉంటుంది. మొన్న జ్వరంలో మా దగ్గరి క్యాజువాలిటీలో అది చూపిస్తేనే వెంటనే డ్రిప్ పెట్టారు. గ్రాములు తూచే చిన్న కాటా మాత్రం బయట కొనుక్కోవాలి.