తెల్లమడా, తిల్లా? పాయ ఒడ్డున ఏది మేలు

గోదావరి సముద్రంలో కలిసే తాళ్లరేవు, ఐ.పోలవరం వైపు రొయ్యల చెరువులున్నవాళ్లు ఈమధ్య ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు: పాయ పక్క గట్టు కోసుకుపోతోంది, తెల్లమడ వెయ్యాలా, తిల్ల వెయ్యాలా?

రెండూ మడ అడవిలో, అంటే ఉప్పునీటి బురదలో పెరిగే చెట్లే గానీ చుట్టరికం లేదు. తెల్లమడ, అంటే అవిసెన్నియా మరీనాను ఒకప్పుడు టేకుతో కలిపి లెక్కేసేవారు, ఇప్పుడు అడ్డసరం కుటుంబంలో చేర్చారు. తిల్ల, అంటే ఎక్సోకేరియా అగలోచాది ఆముదం కుటుంబం. ఆడచెట్టు, మగచెట్టు వేరు.

నా లెక్కలో తేల్చేది ఒక్కటే, పోటు నీరు ఎంతవరకు ఎక్కుతుంది అని. రోజూ పోటుకు మునిగి పాటుకు తేలే బురదలో తెల్లమడే నిలుస్తుంది. బురదలో గాలి ఆడదు కాబట్టి దాని ఊపిరివేర్లు పెన్సిళ్లలా వందలకొద్దీ పైకి లేస్తాయి, వాటి మధ్య ఒండ్రు ఆగుతుంది, రొయ్యపిల్లలు, పీతపిల్లలు దాక్కుంటాయి. ఒంట్లో ఎక్కువైన ఉప్పును ఆకుల్లోంచే బయటికి నెట్టేస్తుంది, మిట్టమధ్యాహ్నం ఆకు మీద వేలు రాసి నాలుకకు తగిలిస్తే తెలిసిపోతుంది. (తిల్ల ఆకుతో మాత్రం ఆ పని చెయ్యకండి.) తిల్లకు ఊపిరివేర్లు లేవు, పెద్ద పోటుకే తడిసే మెరక దానికి నప్పుతుంది.

తిల్లకున్న పెద్ద బలం, దాన్ని పశువులు ముట్టవు. తెల్లమడ ఆకంటే గేదెలకు ప్రాణం, లేత మొక్కల్ని మిగలనివ్వవు. కానీ తిల్లను గిల్లితే కారే పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, పిల్లలు తిరిగే చోట నేనైతే వెయ్యను.

ఏ జాతికి ఎంత ముప్పుందో చెప్పే ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో రెండూ ఆందోళన అక్కర్లేని జాతులే, అదే మడల్లో పెరిగే మరో చెట్టు సెరియాప్స్ డికాండ్రా ముప్పు అంచున ఉంది. అయితే ఆ లెక్క ప్రపంచం మొత్తానిది. 1978లో అభయారణ్యమైన ఇక్కడి కోరింగ మడ అడవి నిలబడింది గానీ, దాని బయట చెరువుల కింద పోయిన మడ ఆ జాబితాలో కనపడదు. అందుకే మీ గట్టున రెండు మొక్కలు బతికినా నాకు పెద్ద సంగతే.



నన్నడిగితే బురద వైపు తెల్లమడ, మొక్క ఎదిగేదాకా కంచె, మెరకన ఒక వరస తిల్ల. పోటు నీరే రాని చోట అది లోపలికొచ్చేలా ముందు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వాలి, అవి లేకుండా ఏది నాటినా ఎండిపోతుంది.