బర్మా స్టీమరు బొమ్మ కొన్నాను: పని అమోఘం, పెట్టిన బొట్టే తప్పు

మొన్న సంక్రాంతికి నాకు నేనే కొనిపెట్టుకున్న బహుమతి ఇది. ఒకటికి నూరు స్కేలులో 90 సెంటీమీటర్ల పొడవున్న చెక్క ఓడ, 1920ల నాటి బర్మా స్టీమరు నమూనా. బొమ్మ 38,500 రూపాయలు, అద్దాల పెట్టె 6,000, కాకినాడ దాకా పార్సిల్ చార్జీ 1,450. రసీదు చూసి మా ఆవిడ, "నిజం ఓడల్లో ముప్ఫై రెండేళ్ళు తిరిగారు, చాల్లేదా?" అంది. చాల్లేదు మరి.

చేసినవాళ్ళ పేరు రాయను. పడమటి తీరంలో అన్నదమ్ములిద్దరు నడుపుకునే చిన్న వర్క్‌షాపు. పనిమంతులు. కానీ ఇందులో వాళ్ళ తప్పొకటి చెప్పాలి కాబట్టి పేరు జోలికి పోకపోవడమే మంచిది.

బర్మా స్టీమరే ఎందుకంటే, మా తాత 1926లో ఇక్కడి రేవులోనే బీ.ఐ. స్టీమరెక్కి రంగూన్ వెళ్ళాడు, బియ్యం మిల్లులో బస్తాలు మొయ్యడానికి. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అనే పూర్తి పేరు ఆయన నోట ఎప్పుడూ వినలేదు, "బీయై ఓడ" అనేవాడంతే. ఆ ఓడ పేరేంటో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అందుకే ఫలానా ఓడ అనకుండా, ఆ కాలపు తీరం స్టీమరు ఒకటి చేసిపెట్టమన్నాను. పాత ఫోటోలు నాలుగు పంపాను.

ముందు మెచ్చుకోవాల్సినవి. ఎనిమిది వారాలన్నారు, పదకొండు పట్టింది. పెట్టె విప్పాక ఆ మూడు వారాల కోపం పోయింది. నల్ల పొగగొట్టం మీద పక్కపక్కనే రెండు తెల్ల పట్టీలు, నల్లటి ఒంటి చుట్టూ సన్నటి తెల్ల గీత, అచ్చం బీ.ఐ. రంగులే. డెరిక్కుల (సరుకులెత్తే దూలాల) కప్పీలు కందిగింజంత ఉన్నాయి, అయినా తాడు లాగితే తిరుగుతున్నాయి! వెనక డెక్కు మీద ఎండకి కట్టే గుడ్డ పందిరి నిజం గుడ్డే, కుట్లు కనబడుతున్నాయి. దాని కింద వేలిగోరంత వంటపొయ్యి ఒకటి పెట్టారు. అది నేను అడగలేదు. డెక్కు ప్రయాణికులు ఎలా వెళ్ళేవారో ఎవరో తెలిసినవాళ్ళే ఆ పొయ్యి పెట్టి ఉంటారు. దారిలో ఒక డెరిక్కు కొక్కెం ఊడింది, నేనే అతికించుకున్నాను. దానికి మార్కులు కొయ్యను.

రెండో రోజు పొద్దున భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. ఓడలో పనిచేసినవాడికి ఏ ఓడ కనబడినా కన్ను ముందు నడుం మీదకే పోతుంది. ఓడకి రెండు పక్కలా నడిమి భాగంలో ఒక గుండ్రం, దాన్ని కోస్తూ అడ్డగీత ఉంటాయి. ప్లిమ్‌సాల్ మార్కు అంటారు. గుండ్రం వెలుపలి కొలత 12 అంగుళాలు, గీత 18 అంగుళాలు, మందం అంగుళం. గీత పై అంచు సరిగ్గా గుండ్రం మధ్యలోంచి పోవాలి, కింది అంచు కాదు. గుండ్రం మధ్య నుంచి 21 అంగుళాలు ముందు వైపున, అంటే ఓడ ముక్కు వైపున, ఒక నిలువు గీత. దాని నుంచి నిచ్చెన మెట్లలా చిన్న గీతలు, ఒక్కోటీ 9 అంగుళాలు. ఏ నీళ్ళల్లో ఏ కాలంలో ఎంతవరకు మునగొచ్చో చెప్పేవి ఆ మెట్లే. ఉప్పునీటి గీతలు ముక్కు వైపుకి, మంచినీటి గీత గుండ్రం వైపుకి.

నూరో వంతు స్కేలులో ఇదంతా ఎంతవుతుంది? గుండ్రం 3 మిల్లీమీటర్లు, నువ్వుగింజంత. గీత మందం పావు మిల్లీమీటరు. అంత చిన్నదాన్ని కుంచెతో వెయ్యలేరు, స్టిక్కరే అంటించాలి. అంటించారు కూడా, ఎక్కడా బుడగ లేకుండా. కానీ రెండు పక్కలకీ ఒకే స్టిక్కరు.

స్టార్‌బోర్డు, అంటే ఓడ కుడి పక్క, బయట నిలబడి చూస్తే ఓడ ముక్కు మన కుడిచేతి వైపుంటుంది, పోర్టు, అంటే ఎడమ పక్క నుంచి చూస్తే ఎడమచేతి వైపు. అలాంటప్పుడు మార్కు అద్దంలో చూసినట్టు తిరగబడాలి కదా. వీళ్ళది తిరగబడలేదు. స్టార్‌బోర్డులో సరిగ్గా ఉంది, పోర్టులో ఉప్పునీటి గీతలన్నీ తోక వైపు చూస్తున్నాయి, మంచినీటిది ముక్కు వైపు. ఎడమ చెయ్యి గ్లౌజు కుడి చేతికి తొడిగినట్టుంది.

ఇది సర్దుకోవచ్చు, గోడ వైపు తిప్పి పెట్టుకుంటే ఎవరికీ కనబడదు. అసలు బాధ రెండోది. నిచ్చెన పైమెట్ల మీద టీ అనీ టీ.ఎఫ్. అనీ రాశారు. టీ అంటే ట్రాపికల్, ఉష్ణమండలపు సముద్రాల గీత; టీ.ఎఫ్. అక్కడి మంచినీటిది. 1926 నాటి ఓడ మీద ఆ అక్షరం ఉండే వీల్లేదు.

లోడ్ లైను, అంటే ఈ మార్కే, పెట్టాలని బ్రిటన్‌లో చట్టం వచ్చింది 1876లో. డెర్బీ సభ్యుడు శామ్యూల్ ప్లిమ్‌సాల్ అంతకు ముందేడు జూలైలో పార్లమెంటులో రంకెలేసి గొడవ చేస్తే వచ్చిన చట్టం అది. తమాషా ఏంటంటే, మార్కు వెయ్యాలంది గాని ఎక్కడ వెయ్యాలో ఓడ యజమానికే వదిలేసింది. కార్డిఫ్ కెప్టెన్ ఒకడు పొగగొట్టం మీద వేయించాడని నావికులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1890 చట్టం వచ్చాకే చోటు నిర్ణయించే హక్కు యజమాని చేతిలోంచి పోయింది. ఆనాటి ఆవిరి ఓడ మీద పూర్తి వరస ఇదీ: మంచినీటికి ఎఫ్.డబ్ల్యూ., తర్వాత ఐ.ఎస్., వేసవికి ఎస్., చలికాలానికి డబ్ల్యూ., ఉత్తర అట్లాంటిక్ చలికాలానికి డబ్ల్యూ.ఎన్.ఏ.

ఆ ఐ.ఎస్. అంటే ఇండియన్ సమ్మర్. సూయజ్ నుంచి సింగపూరు వరకూ ఉన్న సముద్రాల్లో, వాతావరణం నెమ్మదిగా ఉండే కాలంలో తిరిగే ఓడకి ఇచ్చిన గీత. లండన్‌లో కూర్చున్నవాడికి సూయజ్ నుంచి సింగపూరు దాకా అంతా ఇండియానే! 1930 జూలై 5న లండన్‌లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరాక, ఆ గీత పోయి ట్రాపికల్ వచ్చింది. ఆ ఒప్పందంలో బ్రిటన్ పక్కన ఇండియా పేరు విడిగా ఉంది, పాలించేది వాళ్ళే అయినా. అంచేత మా తాత ఎక్కిన స్టీమరు నడుం మీద టీ ఉండదు. ఐ.ఎస్. ఉండాలి.

ఇంత చిన్న అక్షరానికి ఇంత రాద్ధాంతమా అంటారేమో. నేను నేర్చుకున్న చోటు చెబుతాను. 1996 నవంబరు నెలాఖరు. మా ఓడ ఇదే కాకినాడ యాంకరేజీలో, ఒడ్డుకి దూరంగా లంగరేసి, బార్జీల్లోంచి (సరుకు పడవల్లోంచి) బియ్యం ఎక్కించుకుంటోంది. కోనసీమని ముంచిన 6వ తేదీ తుఫాను దాటి మూడు వారాలైంది, ఒడ్డున ఇంకా మనుషుల కోసం వెతుక్కుంటున్నారు. బంగాళాఖాతంలో టీ గీత దాకా ఎక్కించుకోవడానికి డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకే అనుమతి. మిగతా ఏడు నెలలూ ఎస్. గీతే గతి. అద్దెకు తీసుకున్నవాళ్ళ తరఫు మనిషొకడు వచ్చి, "మూడు రోజుల్లో డిసెంబరు వచ్చేస్తోంది కదండీ, టీ దాకా ఎక్కించేద్దురూ" అన్నాడు. ఆశ ఎందుకంటే లెక్క అలాంటిది. టీ గీత, వేసవి డ్రాఫ్టులో, అంటే ఎస్. గీత దాకా ఓడ మునిగే లోతులో, 48వ వంతు పైన ఉంటుంది. 9 మీటర్ల డ్రాఫ్టుకి దాదాపు 19 సెంటీమీటర్లు. సెంటీమీటరుకి 25 టన్నుల చొప్పున 470 టన్నుల బియ్యం, అదే కిరాయిలో.

కెప్టెన్ అతనితో ఒక్క ముక్క మాట్లాడలేదు. నన్ను పిలిచి, "కిందకెళ్ళి చూసిరా" అన్నాడు. లాంచీలో ఓడ చుట్టూ తిరిగాను. అల ఎక్కితే గీత మునుగుతుంది, దిగితే జానెడు పైకొస్తుంది. పదిసార్లు చూసి సగటు తీసుకోవాలి. బకెట్టుతో నీళ్ళు తోడి, సాంద్రత కొలిచే హైడ్రోమీటరు వేస్తే, సముద్రానికి 1.025 రావాల్సింది 1.021 చూపించింది. గోదావరి నీళ్ళు ఇంకా కలుస్తూనే ఉన్నాయి. దాని లెక్క వేరే కట్టుకుని పైకొచ్చి చెప్పాను. మిగిలిన రెండు బార్జీలనీ వెనక్కి పంపేశారు. ఆ మనిషి పోతూ పోతూ నా మొహం చూసిన చూపు నాకింకా గుర్తుంది.

మంచినీటి గీత సంగతి కూడా తాతగారి ఓడకి చిన్నది కాదు. రంగూన్ సముద్రపొడ్డున లేదు, నది మీద 20 మైళ్ళ పైన లోపలుంటుంది. అక్కడ బియ్యం నింపుకున్న ఓడ నదిలో కాస్త ఎక్కువ మునిగి, ఉప్పునీళ్ళలోకి రాగానే తేలుతుంది. ఎంత మునగనివ్వొచ్చో చెప్పే మంచినీటి గీతే పోర్టు వైపు తప్పు దిక్కుకి అంటించారు వీళ్ళు.

ఫోన్ చేశాను. పెద్దాయన ఎత్తాడు. "సార్, పదిహేనేళ్ళుగా ఇదే స్టిక్కరు సార్. అన్ని ఓడలకీ ఇదే వేస్తాం, ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు" అన్నాడు. అబద్ధమాడలేదు, అది నచ్చింది. కాని వెంటనే, "మీకు కావాలంటే కొత్తది వేసిస్తాం, 800 అవుతుంది" అన్నాడు. అక్కడ నాకు తిక్క రేగింది. తప్పు మీదైతే డబ్బు నాదా అని గట్టిగానే అన్నాను. తమ్ముడు ఫోన్ లాక్కుని, "అంకుల్, మీరు గీసి పంపండి, మేం ఉచితంగా అచ్చేసి పంపుతాం" అన్నాడు. సార్ నుంచి అంకుల్‌కి దిగాను గానీ పని అయింది.

గ్రాఫు కాగితం మీద కుడికొకటి ఎడమకొకటి గీశాను. కొలతలన్నీ వేసి, గీత పై అంచు మధ్యలోంచి పోవాలని ఎర్ర పెన్నుతో రాసి వాట్సాప్‌లో పెట్టాను. పన్నెండు రోజులకి కవరులో నాలుగు జతలొచ్చాయి. రెండు జతలు పాడు చేస్తానని వాళ్ళే ఊహించారు. ఒకటే పాడు చేశాను. పాత స్టిక్కరు గోరువెచ్చటి నీళ్ళ దూదితో తడిపితే ఊడింది, నల్లరంగు ఏమాత్రం చెదరలేదు. రంగు పని ఎంత గట్టిగా ఉందో అప్పుడే తెలిసింది. కొత్తది మా మనవరాలు పట్టకారుతో అంటించింది, నా చెయ్యి ఇప్పుడు అంత నిలకడగా లేదు. "తాతయ్యా, ఇది చూడ్డానికి నామంలా ఉంది" అంది. ఐ.ఎస్. అక్షరాలు ఒక మిల్లీమీటరే, భూతద్దం లేకపోతే తెల్ల చుక్కలు.

అద్దాల పెట్టె గురించి రెండు మాటలు. 6,000కి తగ్గట్టు లేదు. వెనక పలకకీ అడుగుకీ మధ్య సందుంది, దుమ్ము పోతోంది. మీ ఊళ్ళో అద్దాల షాపులో చేయించుకోండి, సగానికి అవుతుంది. బొమ్మకి మాత్రం ఐదుకి నాలుగు ఇస్తాను. ఆర్డరిచ్చేవాళ్ళు, ఎవరి దగ్గరైనా సరే, ఓడ ఏ సంవత్సరానిదో ముందే చెప్పి, రెండు పక్కల మార్కు ఫోటోలూ విడివిడిగా అడగండి. అడగకపోతే ఆ పదిహేనేళ్ళ స్టిక్కరే వస్తుంది.

పోయిన వారం తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. విశాఖపట్నం నుంచి ఎవరో జల ఉష బొమ్మ అడిగారట, 1948లో అక్కడి షిప్‌యార్డులో నెహ్రూ నీళ్ళలోకి దింపిన ఓడ. "అంకుల్, దీనికీ ఐ.ఎస్. పెట్టేదా?" అన్నాడు. వద్దు నాయనా, దానికి మీ పాత టీయే సరిపోతుంది, కాకపోతే పోర్టు వైపు తిరగేసి అంటించండి అన్నాను.