గర్భసంచి వార్త ఎవరు రాస్తే మేలు: ఢిల్లీ విలేకరా, మండల విలేకరా, ఊరి అమ్మాయా?

నరసాపురం దగ్గర మా పిన్ని వాళ్ల ఊళ్లో మధ్యాహ్నం రెండు దాటిందంటే లేసు అల్లే ఆడవాళ్లు అరుగుల మీదికి చేరతారు. ఒళ్లో దారపు కండె, వేళ్ల మధ్య సన్నటి సూది, చూపు అల్లిక మీద, మాట ఊరి కబుర్ల మీద. ఏడెనిమిదేళ్ల కిందట ఒకరోజు ఆ అరుగు మీద ఆరుగురున్నారు. మాటల్లో తెలిసింది, వారిలో ముగ్గురికి గర్భసంచి లేదని. ఆపరేషన్ నాటికి ఒక్కరికీ నలభై నిండలేదు. ముగ్గురిలో మా పిన్ని ఒకరు. "నెలనెలా ఈ నొప్పి పడేకన్నా తీయించేసుకోమన్నారు, తీయించుకున్నాను" అంది, పుచ్చుపన్ను పీకించుకున్న సంగతి చెప్పినట్టు. సూది మాత్రం ఆగలేదు.

అప్పట్లో నేనొక పత్రిక జిల్లా డెస్కులో ఉపసంపాదకురాలిని. మూడేళ్లుగా ఆ మండలం వార్తలు దిద్దుతున్నాను. రొయ్యల చెరువుల గొడవలు, తీర్థాలు, సన్మానాలు అన్నీ వచ్చేవి. ఇది మాత్రం ఒక్క ముక్క రాలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అంటే మా అరుగు ఏమంత వింత కాదు.

మరి ఇలాంటి వార్త ఎవరు రాయాలి?

మొదట బయటివారి సంగతి. దూరం నుంచి వచ్చేవారిని తీసిపారేయడం మనకు తేలిక, కానీ నరసాపురం విషయంలో వారికి మనం కొంత బాకీ ఉన్నాం. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడి లేసు పనివారిని అధ్యయనం చేసి 1982లో పుస్తకంగా తెచ్చారు. విదేశాలకు ఎగుమతయ్యే సరుకును రోజుకు ఆరేడు గంటలు అల్లుతున్న స్త్రీలను ఊరూవాడా 'ఇంట్లో ఖాళీగా ఉండేవాళ్లు' అనే లెక్కేస్తున్నాయని ఆమె ఎత్తి చూపారు. ఆ అరుగుల ముందు నుంచే రోజూ నడిచే మనకు అది పనిగా కనిపించలేదు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు కూడా నేను చూసిన వార్తల్లో అల్లికల ఫొటోలే ఉన్నాయి, అల్లేవారి మెడనొప్పి గురించి ఒక్క వాక్యం లేదు.

బయటి విలేకరికి మరో బలం, ఊరి మొహమాటం లేకపోవడం. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కోత కూలీలు గర్భసంచులు తీయించుకుంటున్న సంగతి 2019లో ఒక ఆంగ్ల వ్యాపార పత్రిక కథనంతో దేశమంతా తెలిసింది. ప్రభుత్వం కమిటీ వేసింది. పరిశీలించిన 82 వేల పైచిలుకు స్త్రీలలో 13 వేల మందికి పైగా ఆ ఆపరేషన్ అయిందని తేలింది. అంత పెద్ద లెక్క బయటికి రావాలంటే రాజధాని దాకా వినిపించే గొంతు కావాలి.

బలహీనత కూడా చూశాను. మా పిన్ని వాళ్ల ఊరికి ఢిల్లీ నుంచి ఒకామె వచ్చింది. తెలుగు రాదు. దుబాసీగా నిలబడింది ఊరి పెద్ద ఒకాయన. ఆయన ముందు ఆరుగురూ ఒకే మాట చెప్పారు: "అందరం బాగానే ఉన్నామండి."

మండల విలేకరి ఇందుకు పూర్తిగా తిరగేసిన మనిషి. అన్నీ తెలుసు, ఇవి మాత్రం రాయడు. గోదావరికి వరద వచ్చి, లంకల్లోంచి నిండు గర్భిణిని పడవ మీద ఒడ్డుకు చేర్చారంటే ఆ వార్త ఆయనే రాయాలి. ఆ పడవ నడిపినతని ఫోన్ నంబరు ఆయన దగ్గరే ఉంటుంది. ఆరోగ్య కేంద్రానికి డాక్టరు రాకపోయినా ఆయనే రాస్తాడు, వచ్చేదాకా రాస్తాడు. ప్రైవేటు ఆసుపత్రి దగ్గరికి వచ్చేసరికి కలం బరువెక్కుతుంది. చాలాచోట్ల ఆయనకు నెల జీతం ఉండదు, అచ్చయిన వార్త పొడవును బట్టి లైను డబ్బులు వస్తాయి, పైగా ప్రకటనల టార్గెట్ ఉంటుంది. సంక్రాంతికి శుభాకాంక్షల ప్రకటన ఇచ్చేది ఆ ఆసుపత్రే. ఆయన్ను తిట్టడానికి నాకు నోరు రాదు, ఆ టార్గెట్ కాగితాలు మా డెస్కు పక్క గదిలోంచే వెళ్లేవి.

ఇంకొకటి, గుట్టు. అత్యాచార బాధితురాలి వివరాలు బయటపెడితే నేరమని మా వాళ్లందరికీ తెలుసు. ఆపరేషన్ అయినామె విషయంలో ఆ జాగ్రత్త కనిపించదు. 'పేరు మార్చాం' అని రాసి, కింద రామాలయం వీధి, భర్త తాపీ పని, ఇద్దరు ఆడపిల్లలు అని వివరంగా వేస్తారు. డెల్టా ఊళ్లో ఇక పేరు ఎందుకు?

మూడోది ఊరి అమ్మాయికే కలం ఇవ్వడం. ఇది కొత్త ముచ్చట కాదు. చిత్తూరు జిల్లాలో గ్రామీణ మహిళలే రాసిన 'నవోదయం' 2001లో మొదలైంది. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 'ఖబర్ లహరియా' 2002లో వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. నేపాల్‌లో విలేకరిగా పనిచేసిన అమెరికన్ క్రిస్టీ హెగ్రనెస్, స్థానిక మహిళలకే శిక్షణ ఇచ్చి రాయించే సంస్థను 2006లో పెట్టారు. ప్రపంచ దేశాల వార్తలను అయిదేళ్లకోసారి లెక్కగట్టే అధ్యయనంలో, వార్తల్లో కనిపించే, మాట్లాడే మనుషుల్లో స్త్రీలు 1995లో 17 శాతం, 2020లో 25 శాతం. పాతికేళ్లకు ఎనిమిది శాతం! ఈ నడకకు అరుగు మీద కూర్చోగల విలేకరే దిక్కు అని నా నమ్మకం. తెల్లబట్ట, నెలసరి, నడుంనొప్పి అనే మాటలు పక్కన కూర్చుని రెండు వరసలు అల్లిన మనిషి దగ్గరే వస్తాయి.

అయితే నేనూ ఆ అరుగు మనిషినే కదా, రాయలేకపోయాను. "రాశావంటే మళ్లీ ఈ గడప తొక్కకు" అంది పిన్ని. ఆపరేషన్‌కు పంపిన ఆర్‌ఎంపీ వైద్యుడు వరసకు మాకు బాబాయి. పొద్దున్న జ్వరమొస్తే మళ్లీ ఆయనే దిక్కు. ఊరి అమ్మాయికి అన్నీ చెబుతారు, ఆ అమ్మాయే నోరు కట్టేసుకోవాల్సి వస్తుంది.

అయినా నా ఓటు మూడోదానికే, రెండు షరతుల మీద. ఆమెకు ప్రకటనలతో సంబంధం లేని నెల జీతం ఉండాలి. ఆమె పంపింది దిద్దే డెస్కు వేరే జిల్లాలో ఉండాలి, వీధీ భర్త పనీ కొట్టేయడానికి, బాబాయి ఫోన్ చేస్తే ఎత్తకుండా ఉండడానికి. ఆసుపత్రుల లెక్కలు, ఈ ఆపరేషన్ల పేరిట బీమా సొమ్ము ఎటు పోయిందన్నది బయటి విలేకరికి వదిలేయాలి. వరద వార్త మండల విలేకరి చేతిలోంచి ఎవరూ లాక్కోకూడదు.

ఊరి పేరు వేయనంటేనే పిన్ని ఈసారి ఒప్పుకుంది. నేను రాసింది మొత్తం చదివి వినిపించాను. షరతుల దగ్గరికి రాగానే కండె పక్కన పెట్టింది.

"నెల జీతం అన్నావు. ఎవరిస్తారే? ఆ ఆసుపత్రివాడా?"