పండగ భోజనం: అన్నీ మనమే వండాలా, తలా ఒకటి తెమ్మనాలా?

పండగ దగ్గరపడుతున్న కొద్దీ తెలిసినవాళ్ళు నన్ను అడిగేది ఒకటే. "పదిహేను మందిని భోజనానికి పిలిచాం. ఈ నెల డబ్బుకి కటకటగా ఉంది. అన్నీ మేమే వండాలా, తలా ఒకటి తెమ్మనాలా?" మా ఇంట్లో వరసగా మూడేళ్ళు తలా ఒకటి పద్ధతి నడిచింది. ఈసారి మళ్ళీ నేనే వండాను. అందుకని రెండింటి సంగతీ వివరంగా చెప్పగలను.

తలా ఒకటి పద్ధతిలో మంచి చాలానే ఉంది. పిలిచినవాళ్ళ మీద భారం తగ్గుతుంది, ఎవరి చేతి వంట రుచి వాళ్ళది, పొయ్యి దగ్గర ఒక్కరే నిలబడి అలిసిపోయే పని లేదు. వచ్చేవాళ్ళందరి పరిస్థితీ ఇంచుమించు ఒకలాగే ఉండి, ఎవరు ఏది తేవాలో ముందే ఒకరు గట్టిగా చెప్పగలిగితే ఇది బాగా సాగుతుంది. చెప్పేవాళ్ళు లేకపోతే మాకు జరిగినట్టే అవుతుంది. ఒక ఏడాది నాలుగు ఇళ్ళ నుంచి తీపి వచ్చింది. కడుపు నింపే వంటకం ఒక్కటే, అదీ పిల్లలు తినలేనంత కారం.

నా లెక్కలో మాత్రం అసలు తేల్చేది వంటకాల సంఖ్య. ఎంతమందిని పిలిచాం అన్నదానికన్నా ఎన్ని రకాలు చేశాం అన్నదే ఖర్చు పెంచుతుంది. రకాలు మూడైనా పదైనా పదిహేను మంది తినేది అంతే. కానీ తలా ఒకటి తెచ్చేటప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ తమది తక్కువ పడకూడదని పదిహేను మందికీ సరిపడా వండుకొస్తారు. ఎనిమిది ఇళ్ళు అలా వండితే నూట ఇరవై వడ్డనలు తయారవుతాయి. మన ఇంటి ఖర్చు తగ్గినట్టే ఉంటుంది గానీ, అందరి ఇళ్ళదీ కలిపి చూస్తే ఒక్కళ్ళం వండినదానికన్నా ఎక్కువే అవుతుంది.

మనమే వండినా రకాలు పెంచుకుంటూ పోతే ఇదే ఇబ్బంది. కొత్త వంటకం అనుకోగానే దానికోసం ఒక ప్యాకెట్ కొంటాం, రెండు చెంచాలు వాడతాం, మిగిలింది అటక ఎక్కుతుంది. అందుకే ఈసారి నాలుగే చేశాను: అన్నం, నిండుగా ఒక ప్రధాన వంటకం, పక్కన ఒక కూర, చివర్లో ఒక తీపి. ప్రధాన వంటకంలో పడిన కూరగాయే పక్క కూరలోనూ పడేలా చూసుకున్నాను.

కొలతలు తెలిస్తే ధైర్యం వస్తుంది. నాలుగు రకాలున్న భోజనంలో మనిషికి 75 నుంచి 100 గ్రాముల బియ్యం చాలు. ఉడికాక ఆ బరువు రెండున్నర, మూడు రెట్లు అవుతుంది. పదిహేను మందికి కిలోన్నర దాటక్కర్లేదు. చిన్న పిల్లలు ఇద్దరుంటే ఒక మనిషి కింద లెక్కేసుకోండి. ఎండు గింజలు, పప్పుధాన్యాలు నానబెట్టి ఉడికిస్తే బరువు రెట్టింపు దాటుతుంది. మాంసం సంగతి దీనికి తిరగబడి ఉంటుంది, ఎముక లేని మాంసమైనా ఉడికాక దాదాపు పావు వంతు తరిగిపోతుంది. కాబట్టి గింజలతో ప్రధాన వంటకం చేసి, కావాలంటే రుచికి అందులో కొంచెం మాంసం వేస్తే డబ్బు ఎక్కువమందికి సరిపోతుంది.

ఇక మిగిలిన తిండి. వండినది బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, ఎండ బాగా ఉంటే గంటే. మన పొయ్యి మీద నుంచి దిగింది అయితే ఎప్పుడు దింపామో తెలుసు. తినడం అవ్వగానే వెడల్పాటి, లోతు తక్కువ గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు వాడుకోవచ్చు. నాకు మర్నాడు వంట ఖర్చే లేదు. బయటినుంచి వచ్చినవి దారిలోనే ఆ రెండు గంటలూ గడిపేసి ఉంటాయి, నమ్మి దాచలేం. అంత వంటకాన్నీ పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు, అందులో 60 శాతం ఇళ్ళలోదే.

లెక్కలు పక్కన పెడితే, నా మనసు మార్చిన సంగతి ఇంకొకటి ఉంది. రెండేళ్ళ కిందట ఒక స్నేహితురాలు చివరి నిమిషంలో రానని కబురు పెట్టింది. నెలల తర్వాత తెలిసింది, అందరితో సమానంగా ఏదైనా చేసి తేవడానికి ఆమె దగ్గర అప్పుడు డబ్బు లేదు. నా ఖర్చు తగ్గుతుందని నేను పెట్టిన పద్ధతి ఆమెను పండగ పూట ఒంటరిగా ఇంట్లో కూర్చోబెట్టింది. అది ఇప్పటికీ నాకు బాధే.

కేటరింగ్ గురించీ అడుగుతారు. చాలాచోట్ల కనీసం ఇన్ని ప్లేట్లని షరతు ఉంటుంది, పదిహేను మందికి గిట్టదు. హోటల్‌కి తీసుకెళ్తే ప్లేటు లెక్కన కట్టాలి, డబ్బు లేనప్పుడు ఆ మాటే వద్దు. భోజనం వేళ దాటాక పిలిచి తేలిగ్గా ఏదైనా పెట్టడం మాత్రం బాగుంటుంది, కాకపోతే వేళ ముందే స్పష్టంగా చెప్పాలి, ఆకలితో రాకుండా.

మనమే వండితే నడుం పడిపోదా అంటారు. పడిపోతుంది. అందుకే నేను వచ్చేవాళ్ళను వంటకం అడగను, సాయం అడుగుతాను. పెద్ద గిన్నెలున్నవాళ్ళు గిన్నెలు, కుర్చీలున్నవాళ్ళు కుర్చీలు తెస్తారు. ఈసారి ఆ స్నేహితురాలు ఫోన్ చేసి "ఏం తేవాలి?" అని అడిగింది. "ఏమీ వద్దు, రెండు గంటల ముందు రా, కూరగాయలు తరగాలి" అన్నాను. అందరికన్నా ముందే వచ్చింది.