ఎంజీబీలో ఆయిల్ క్యాచ్ ట్యాంక్: మెచ్చిన జాలీయే అడ్డం పడింది

ఇంజిన్ లోపలి ఆయిల్ ఆవిరిని కార్బురేటర్లు పీల్చుకునే దారిలో, ఆయిల్‌ను పట్టి ఉంచే డబ్బాయే క్యాచ్ ట్యాంక్. నా ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు)కు బిగించిన ఈ అర లీటరు అల్యూమినియం ట్యాంకుకు డబ్బు పెట్టొచ్చంటే కారణం ఒక్కటే, లోపల కుక్కిన స్టీలు జాలీ. ఉత్త డబ్బాలో ఆయిల్ ఆవిరి ఒక గొట్టంలో దూరి ఇంకో గొట్టంలోంచి పోతుంది, అడుగున ఏమీ మిగలదు. ఇంజిన్ పక్కన ముందువైపుండే టాపెట్ కవర్‌కూ (ఆవిరి బయటికొచ్చే మూత) జంట ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బురేటర్లకూ మధ్య దీన్ని బిగించాక వై-పైపు (రెండు కార్బురేటర్లకూ చీలే గొట్టం) లోపల, థ్రాటిల్ దగ్గర పేరుకునే నల్ల జిడ్డు దాదాపు పోయింది. చాలా సంతోషం వేసింది. టాపెట్ కవర్లో కంపెనీ పెట్టిన తీగజాలీ ఉంది కదా అంటే, పాత కార్లలో అది మడ్డితో మూసుకుపోయి ఉంటుంది. ముందు దాన్ని కిరోసిన్‌లో నానబెట్టి కడగండి, ట్యాంకు సంగతి ఆ తర్వాత.

చలికాలంలో, దగ్గరి దూరాలే తిరుగుతున్నప్పుడు, డిప్‌స్టిక్ పక్కనా బెల్ హౌసింగ్ (ఇంజిన్, గేర్‌బాక్సు కలిసే చోటి కవచం) కిందా ఆయిల్ చుక్కలు మొదలయ్యాయి. చూస్తే క్రాంక్‌షాఫ్ట్ వెనక సీలు పోయినట్టే ఉంటుంది. దానికోసం ఇంజిన్ దించే ముందు ఒక పరీక్ష చెయ్యాలి: ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ మూత తీసి, ఆ నోటి మీద పలుచటి కాగితం పెట్టాలి. లోపలికి పీల్చుకుంటే సరే. ఇక్కడ కాగితం పైకి లేచింది. ట్యాంకు విప్పితే జాలీ నిండా వెన్నలాంటి ముద్ద! బ్లో-బైతో (పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారే వాయువుతో) వచ్చే నీటి ఆవిరి చల్లటి అల్యూమినియానికి తగిలి నీరై, ఆయిల్‌తో కలిసి గట్టిపడింది. దారి మూసుకున్నాక క్రాంక్‌కేస్ (క్రాంక్‌షాఫ్ట్ తిరిగే ఇంజిన్ కింది భాగం) ఒత్తిడి సీళ్ల సందుల్లోంచి బయటపడుతోంది. జాలీ ఎంత చిక్కగా ఉంటే, ట్యాంకు ఎంత చల్లగా ఉంటే ఆయిల్ అంత బాగా పట్టుబడుతుంది, నీరూ అంతే.

జాలీలో సగం తీసేసి మిగిలింది వదులుగా సర్దాక, ట్యాంకును రేడియేటర్ పక్కనుంచి ఇంజిన్ వెనకున్న బల్క్‌హెడ్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) దగ్గరికి మార్చాక ముద్ద కట్టడం బాగా తగ్గింది. జిడ్డు మాత్రం మళ్లీ కొంచెం కనబడుతోంది. గొట్టం టాపెట్ కవర్ నుంచి ట్యాంకు దాకా ఎక్కుతూనే పోవాలి, మధ్యలో వేలాడితే అక్కడ నీరు నిలుస్తుంది. నైట్రైల్ హోసే వాడాలి. కూలెంట్‌కు వాడే ఈపీడీఎం రబ్బరు ఆయిల్‌కు ఉబ్బి మెత్తబడుతుంది. ట్యాంకు మూత ఓ-రింగ్ (రబ్బరు వలయం) కూడా చూసుకోండి. అక్కడ గాలి లాగితే ఐడిల్‌లో మిశ్రమం పలచబడి ఇంజిన్ తడబడుతుంది. ట్యాంకులో పట్టింది నీళ్లు, పెట్రోలు కలిసిన సరుకు, మళ్లీ సంపులో (ఇంజిన్ అడుగునుండే ఆయిల్ తొట్టిలో) పొయ్యొద్దు.

నాది క్రాంక్‌షాఫ్ట్‌ను ఐదు బేరింగులు మోసే ఇంజిన్, ఎక్కువగా దూరప్రయాణాలే, కాబట్టి ఉంచుకుంటున్నా. 1962–64 మూడు బేరింగుల ఇంజిన్‌కు వెనక లిప్ సీలే (షాఫ్ట్‌ను అంటుకునే రబ్బరు సీలు) లేదు, ఉన్నది స్క్రోల్ (ఆయిల్‌ను వెనక్కి తోసే మరగాడి) మాత్రమే. దానికి క్రాంక్‌కేస్‌లో ఆ కాస్త పీల్పు చాలా అవసరం గనక దారిలో ఏ అడ్డమూ పెట్టకపోవడమే మేలనిపిస్తుంది. రింగులు అరిగిన ఇంజిన్‌కైతే ఇది మందు కాదు, ట్యాంకు త్వరగా నిండుతుందంతే. రేసులకూ పనికిరాదు: గాలిలోకి తెరిచిన బ్రీదర్ (ఇంజిన్ ఆవిరి గొట్టం) ఉంటే ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటారు రేసుల సమాఖ్య) నిబంధన ప్రకారం 2000 సీసీ దాకా కనీసం 2 లీటర్ల ట్యాంకు కావాలి.