ఒక్క రైఫిల్ మాత్రమే కొనాలంటే: .308 బోల్టా, .30-06నా, .30-30 లీవరా?

టెక్సస్‌లో ఊరి బయట కాస్త పొలం కొన్న మనవాళ్లకు మొదట పరిచయమయ్యేది పొరుగువాళ్లు కాదు, అడవిపందులు. రాత్రికి రాత్రి గడ్డినేలంతా దున్నేసి పోతాయి. ఆ తర్వాత ఫోన్ వస్తుంది: "అన్నా, ఒకటే రైఫిల్ కొంటాను, అన్నిటికీ పనికిరావాలి, ఏది తీసుకోమంటావ్?"

.308, .30-06, .30-30 అనేవి తూటాల రకాల పేర్లు. ఇక్కడ మాట్లాడేది చేత్తో ఆడించే రైఫిళ్ల గురించే. అంటే ఒక తూటా పేల్చాక రెండోదాన్ని లోపలికి ఎక్కించడానికి బోల్ట్‌నో, లీవర్‌నో మనమే కదపాలి. వీటి యంత్రం సులువు, శుభ్రం చేయడం సులువు, ఎక్కువ చోట్ల చట్టం ఒప్పుకుంటుంది. పెన్సిల్వేనియాలో జింకల వేటకు సెమీ ఆటోమేటిక్ (తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే) రైఫిల్ కుదరదు, వీటికి ఆ ఇబ్బంది లేదు.

ముందు "అన్నిటికీ" అంటే ఏమిటో తేల్చుకోవాలి. చాలామందికి అది మూడు పనులు: పందులు, నవంబర్‌లో తెల్లతోక జింక, నెలకోసారి షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాగితం మీద గురి చూసుకోవడం. నాలుగోది ఒకటుంటుంది, "ఎప్పుడో ఒకప్పుడు కొలరాడోలో ఎల్క్", అంటే పెద్ద జాతి జింక. ఈ నాలుగో కోరికే మనిషిని అవసరానికి మించిన తుపాకీ వైపు లాగుతుంది. ఉడుతలు, కుందేళ్లు ఈ లెక్కలోకి రావు. వాటిని .308తో కొడితే తినడానికి ఏమీ మిగలదు, వాటికి చిన్న తూటా .22 వేరే ఉండాలి. ఎగిరే పిట్టలకు షాట్‌గన్. కాబట్టి నిజంగా అన్నిటికీ పనికొచ్చే రైఫిల్ అనేది లేదు. పెద్ద జంతువులకీ గురి సాధనకీ కలిపి ఒకటి అంటే మాత్రం ఉంది.

చేతిలో పట్టుకోగానే మనసు దోచేది లీవర్ యాక్షన్. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన విన్‌చెస్టర్ 1894 మోడల్, దానికోసం 1895లో వచ్చిన .30-30 తూటా, ఈ జోడీ అమెరికాలో ఎన్ని జింకలను పడగొట్టిందో లెక్కలేదు. పల్చగా, పొట్టిగా ఉంటుంది. ట్రక్కు సీటు వెనక ఇట్టే ఇమిడిపోతుంది. ఎడమచేతివాళ్లకు కూడా ఇబ్బంది లేదు. వెనక్కి తన్నడం తక్కువ. పొదల్లో వంద గజాల లోపు పంది కనిపిస్తే దీన్ని మించింది లేదు.

చిక్కంతా వంద గజాలు దాటాక. 150 గ్రెయిన్ల గుండు (తూటాలోంచి దూసుకుపోయే లోహపు ముక్క), అంటే సుమారు 9.7 గ్రాములది, సెకనుకు దాదాపు 2,390 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. 100 గజాలకు గురి సరిచేస్తే 200 గజాల దగ్గర ఏడెనిమిది అంగుళాలు కిందికి జారుతుంది. పైగా దీని మ్యాగజైన్, అంటే తూటాలు నింపే చోటు, గొట్టంలా ఉంటుంది, అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనక తూటా ముక్కు ముందు తూటా ప్రైమర్‌ని (అడుగున ఉండి మందును రాజేసే చిన్న టోపీ) తాకుతుంది కాబట్టి మొనదేలిన గట్టి గుండ్లు వాడకూడదు. మొద్దు ముక్కు గుండో, హార్నడీ కంపెనీ తెచ్చిన మెత్తటి కొనదో వాడాలి. ధర కూడా గిట్టదు: రూగర్ కంపెనీ చేతికొచ్చాక మళ్లీ తయారవుతున్న మార్లిన్ 336 లీవర్ రైఫిల్ వెయ్యి డాలర్లు దాటుతుంది, తూటాలూ చవక కాదు. రెండో రైఫిల్‌గా లీవర్‌కి నా ఓటు, ఒక్కటే రైఫిల్‌గా కాదు. బాక్స్ మ్యాగజైన్‌తో .308 పేల్చే బ్రౌనింగ్ బీఎల్ఆర్ లాంటి లీవర్లూ ఉన్నాయి, కానీ ఆ ధరకు మంచి బోల్ట్ రైఫిల్, దానిమీద స్కోప్ (గురి చూసే దుర్బిణి) రెండూ వస్తాయి.

ఇక అసలు పోటీ .30-06కీ .308కీ మధ్య. మొదటిది 1906లో అమెరికా సైన్యం తీసుకున్న తూటా, రెండు ప్రపంచ యుద్ధాలూ చూసింది. రెండోది 1952లో విన్‌చెస్టర్ మార్కెట్లోకి తెచ్చింది. అప్పటికి తుపాకీ మందు మెరుగుపడింది, అందుకే .30-06లోని 63 మిల్లీమీటర్ల కేసు (మందు నింపే లోహపు తొడుగు) చేసే పనిలో చాలావరకు 51 మిల్లీమీటర్ల కేసుతోనే సాధించగలిగారు. 150 గ్రెయిన్ల గుండుకి .308 వేగం సుమారు 2,820 అడుగులు, .30-06ది 2,910. ఈ తొంభై అడుగుల తేడా తూటా పెట్టె మీద కనిపిస్తుంది గానీ జింకకు తెలియదు. 180, 200 గ్రెయిన్ల బరువు గుండ్లకు వెళ్తే మాత్రం పెద్ద కేసుకు నిజమైన మొగ్గు ఉంది. అలాస్కాలో మూస్‌ వేటకు వెళ్లేవాడైతే నేను కూడా .30-06 అనే చెప్తాను.

ఆ మొగ్గుకి ధర చెల్లించేది భుజం. .30-06 తన్ను ఇంకాస్త గట్టిగా ఉంటుంది, తేలికపాటి రైఫిల్‌లో ఆ తేడా ఇంకా తెలుస్తుంది. కొత్తవాడు పది తూటాలు పేల్చేసరికి ట్రిగ్గర్ లాగే ముందే కళ్లు మూసుకోవడం మొదలుపెడతాడు. ఆ అలవాటు పడితే వదలడం కష్టం. .308 బోల్ట్ ప్రయాణం పొట్టి, రైఫిల్ కూడా కొంచెం పొట్టి, తేలిక. సైన్యాలు వాడే తూటాకి తోబుట్టువు కావడంతో ప్రతి కంపెనీ తయారుచేస్తుంది, సాధనకు పనికొచ్చే చవక రకాలు ఎక్కువ. చిన్న ఊరి దుకాణంలో అరలు ఖాళీ అయినా ఇది దొరికే అవకాశం ఎక్కువ. ఎక్కువ దొరికితే ఎక్కువ పేలుస్తాం, ఎక్కువ పేలిస్తేనే గురి కుదురుతుంది. నా తీర్పు మొగ్గింది ఇక్కడే.

మూడో పేరు వినిపిస్తూనే ఉంటుంది, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్. గాలికి తక్కువ కొట్టుకుపోతుంది, తన్ను .308 కన్నా స్పష్టంగా తక్కువ. భార్యాభర్తలిద్దరూ ఒకటే రైఫిల్ వాడాలన్నా, ఐదారు వందల గజాల రేంజ్ దగ్గర్లో ఉన్నా ఇదే మేలు, మొహమాటం లేకుండా చెప్తున్నాను. బరువైన పందులకు మాత్రం నాకు లావు గుండు మీదే నమ్మకం.

చట్టం సంగతి కొనేముందే చూసుకోవాలి. ఒహాయోలో జింక వేటకు సీసా మెడలా ముందువైపు సన్నబడే కేసులున్న రైఫిల్ తూటాలు చెల్లవు, నిటారు గోడల కేసులే కావాలి. అంటే పైన చెప్పిన నాలుగూ అక్కడ పనికిరావు, .350 లెజెండ్ లాంటివి చూసుకోవాలి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం గుండ్లు నిషేధం, రాగివి కొనాలి. ఇక మనవాళ్లు చాలామంది పట్టించుకోనిది: హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉండటం దానికున్న మినహాయింపుల్లో ఒకటి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు జింకల వేటకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి. స్వదేశంలో ఈ చర్చకే తావులేదు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత సరదా వేట ముగిసిపోయింది, త్రీ నాట్ త్రీ పేరు వింటే మనకు పోలీసులే గుర్తొస్తారు.

అయితే ఏ రైఫిల్? టెక్సస్‌లో ఉండే కొత్తవాడికి నేను చెప్పేది .308లో బోల్ట్ యాక్షన్, ఊడదీసే మ్యాగజైన్, 20 లేదా 22 అంగుళాల బారెల్. రూగర్ అమెరికన్ చాలు. చేతిలో ఇంకొంచెం డబ్బుంటే టిక్కా టీ3ఎక్స్, దాని బోల్ట్ నూనె రాసినట్టు జారుతుంది. మరీ తేలికది వెతక్కండి, స్కోప్‌తో కలిపి మూడున్నర కిలోలు ఉంటే తన్ను భరించేలా ఉంటుంది. స్కోప్ 3-9 రెట్లది సరిపోతుంది, 25 రెట్లది పొదల్లో పంది కనబడకుండా చేస్తుంది. మిగిలిన డబ్బులో ముందు తాళం వేసే సేఫ్, చెవులకు రక్షణ కొని, ఆ తర్వాత సాధన తూటాలు తీసుకోండి. ఒకే రకం పెట్టెలు నాలుగైదు ఒకేసారి కొంటే మంచిది, బ్రాండ్ మారిన ప్రతిసారీ గుండు పడే చోటు మారుతుంది, గురి మళ్లీ సరిచేసుకోవాల్సి వస్తుంది.