లాటరీ సీటా, పరీక్ష సీటా?

కేంద్రీయ విద్యాలయంలో ఒకటో తరగతి సీటు లాటరీలో వస్తుంది. నవోదయలో ఆరో తరగతి సీటుకైతే పరీక్ష రాయాలి. లాటరీ అనగానే "తెలివైన పిల్లాడికి అన్యాయం కదా" అంటారు. ఆరేళ్ల పిల్లాడి తెలివిని ఎలా కొలుస్తారో మాత్రం చెప్పరు. అయితే అక్కడా అందరి పేర్లూ ఒకే డబ్బాలో పడవు, బదిలీలయ్యే కేంద్ర ఉద్యోగుల పిల్లలది ముందు వరుస. ఎంపీలు సిఫారసు చేసిన పిల్లలకు సీట్లిచ్చే ఎంపీ కోటాను 2022లో తీసేశారు, మంచిపనే.

నవోదయ పరీక్షలో 100 మార్కులకు 50 బొమ్మల ప్రశ్నలవే. వరుసలో తేడాగా ఉన్న బొమ్మ ఏది, అద్దంలో ఎలా కనిపిస్తుంది, ఇలా. చదువుతో పనిలేని సహజమైన తెలివిని పట్టుకోవాలన్నది ఉద్దేశం. మా పక్కింటి ఐదో తరగతి పిల్ల రోజూ సాయంత్రం ట్యూషన్‌లో ఆ బొమ్మలే దిద్దుతుంది. మొదట్లో తలకిందులైన త్రిభుజం చూసి బిక్కమొహం వేసేది, ఇప్పుడు చూడగానే టిక్కు పెట్టేస్తోంది. ట్యూషన్‌కు డబ్బుల్లేని పిల్లకు అదే బొమ్మ పరీక్ష హాల్లోనే మొదటిసారి కనిపిస్తుంది.

అయినా నా ఓటు నవోదయకే. కనీసం 75 శాతం సీట్లు పల్లెటూరి పిల్లలకే ఉంచారు, హాస్టలూ భోజనమూ ఉచితం. బొమ్మల ప్రశ్నలు మాత్రం ప్రతి సర్కారు బడిలోనూ నేర్పించాలి.